మాకరాన్ల మీద తినదగిన రంగులతో బొమ్మలు: ఇంట్లో వేసుకునే పద్ధతి

మాకరాన్ అంటే రెండు గుండ్రని షెల్స్ మధ్య తీపి మిశ్రమం నింపి చేసే చిన్న మిఠాయి. ఆ షెల్‌లో ప్రధానంగా ఉండేవి మూడే వస్తువులు: మెత్తగా జల్లించిన బాదం పొడి, చక్కెర, గుడ్డు తెల్లసొన. కలిపిన పిండి బరువులో ఇంచుమించు సగం చక్కెరే కాబట్టి, ఓవెన్‌లోంచి వచ్చిన షెల్ ఎంత నున్నగా, ఎంత గట్టిగా కనిపించినా, దాని పైపొర ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని ఎండిన చక్కెర పొరే. ఒక నీటిచుక్క పడి కాసేపు నిలిచిందంటే అక్కడి చక్కెర కరుగుతుంది, పొర కుంగుతుంది, గుంట పడుతుంది. మాకరాన్ల మీద బొమ్మలు వేయాలనుకునేవారు కుంచె పట్టే ముందే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తల్లో చాలా వరకు దీనిలోంచి పుట్టినవే.

నాకు ఇది నష్టపోయాకే తెలిసింది. మా అక్క కూతురి ఓణీల వేడుక కోసం 24 మాకరాన్ల మీద తామరపూలు వేశాను. జెల్ రంగును మంచినీళ్లతో పలచన చేసి, చిన్నప్పుడు బళ్లో వాటర్ కలర్స్ వేసినట్టే వేసి, ఆరాయనుకుని డబ్బాలో సర్ది మూత పెట్టాను. తెల్లవారి మూత తీసేసరికి రేకులున్న చోటల్లా చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. గులాబీరంగు గీత దాటి పాకింది, వేలు పెడితే షెల్ జిగురుగా అంటుకుంది. నీళ్లు కలపడం మొదటి తప్పు, ఆరకముందే మూత పెట్టి ఆ తేమను లోపలే బంధించడం రెండో తప్పు. ఆ రోజు వేడుకకు బొమ్మలు లేని మాకరాన్లే వెళ్లాయి.

రంగును దేనితో కలపాలి

నీటికి బదులు త్వరగా ఆవిరైపోయే ద్రవం కావాలి, చక్కెర అందులో సులువుగా కరగకూడదు. ఆల్కహాల్‌కు ఈ రెండు గుణాలూ ఉన్నాయి కాబట్టే బేకింగ్ చేసేవారు వోడ్కా వాడతారు. దానికి రంగు లేదు, ప్రత్యేకమైన రుచీ లేదు. అయితే మన దేశంలో అమ్మే వోడ్కాలో సాధారణంగా ఉండే ఆల్కహాల్ 42.8 శాతమే, మిగిలినదంతా దాదాపు నీరే. అందువల్ల వోడ్కానే కదా అని కుంచె నిండా ముంచి పూస్తే, నీళ్లు పోసిన ఫలితమే కొంత ఆలస్యంగా వస్తుంది. బేకింగ్ సామగ్రి దుకాణాల్లో దొరికే లెమన్ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ శాతం వోడ్కాలో కంటే బాగా ఎక్కువగా ఉంటుంది కనుక అది ఇంకా త్వరగా ఆరుతుంది, కాస్త నిమ్మవాసన మిగులుతుంది, అంతే. ఎక్స్‌ట్రాక్ట్ అంటే నిమ్మరసం కాదు. నిమ్మకాయ పిండి ఆ రసంలో రంగు కలిపితే నీళ్లలో కలిపినట్టే అవుతుంది. ఎసెన్స్ పేరుతో దొరికే కొన్ని చిన్న సీసాల్లో ఆల్కహాల్ అసలు ఉండకపోవచ్చు కాబట్టి సీసా వెనుక రాసిన పదార్థాల జాబితా చదివి కొనడం మంచిది.

పూసిన ఆల్కహాల్‌లో చాలా భాగం ఆరేటప్పుడే ఎగిరిపోతుంది, మిగిలేది లేశమాత్రం. అయినా మతాచారం వల్లనో మరో కారణం వల్లనో దాన్ని ముట్టనివారికి చెప్పకుండా పెట్టడం సరికాదని నా అభిప్రాయం. అటువంటివారి కోసం వేస్తుంటే ఎక్స్‌ట్రాక్ట్ కూడా పనికిరాదు, అందులోనూ ఉన్నది అదే. కోకో బటర్‌ను, అంటే కోకో గింజల కొవ్వును, కరిగించి, నూనెలో కలిసే రంగుపొడిని అందులో కలిపి వేయడం ఒక మార్గం. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి ఏసీ గదిలో చక్కగా గడ్డకట్టి నిలుస్తుంది గానీ మన మే నెల ఎండలో వేలు తగిలితే చెదిరిపోతుంది. రెండో మార్గం ఏ ద్రవమూ కలపకుండా పొడిని పొడి కుంచెతోనే అద్దడం. గీతలు రావు గానీ మెరుపు అందంగా వస్తుంది.

రంగు కొనేటప్పుడు

గీతలకూ పలుచని పూతలకూ జెల్ రంగు, ముద్దగా కప్పే రంగులకు పొడి రంగు, బంగారు వెండి మెరుపులకు లస్టర్ డస్ట్ వాడతారు. ద్రవ రూపంలో దొరికే మామూలు ఫుడ్ కలర్‌లో ఎక్కువ భాగం నీరే కనుక దాన్ని ఈ పనికి ముట్టుకోకపోవడమే మేలు.

లస్టర్ డస్ట్ విషయంలో మాత్రం కాస్త ఆగి చదవండి. కొన్ని సీసాల మీద తినదగినది అని ఉంటుంది, కొన్నింటి మీద నాన్ టాక్సిక్ అని మాత్రమే ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు. రెండో రకం కేకు మీద అలంకారంగా పెట్టి, తినే ముందు తీసేసే వస్తువుల కోసం చేసినది. నేను ఒకసారి ఒక దుకాణంలో బంగారు పొడి అడిగితే, ఎదురుగా ఉన్నవారు తినొచ్చని ధీమాగా చెప్పి ఇచ్చారు. ఇంటికి వచ్చి చూస్తే సీసా మీద పదార్థాల జాబితాయే లేదు. దాన్ని ఒక్క మాకరాన్ మీద కూడా వాడలేదు. ఈ జాగ్రత్త అతి కాదు. 2021 అక్టోబరులో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇటువంటి రెండు సంఘటనలను ప్రచురించింది. 2018లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక పుట్టినరోజు కేకు తిన్న పిల్లలు వాంతులతో జబ్బుపడగా, ఆ కేకు మీద పూసిన బంగారు పొడిలో రాగి ఎక్కువగా ఉన్నట్టు తేలింది. 2019లో మిస్సోరీ రాష్ట్రంలో ఏడాది నిండిన బిడ్డ రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తెలిసి ఆరా తీస్తే, అది మొదటి పుట్టినరోజు కేకు మీద వాడిన పొడి దగ్గరికి వెళ్లి ఆగింది. కాబట్టి పదార్థాల జాబితా లేని పొడిని, ఎవరు చెప్పినా, ఎంత మెరిసినా, కొనకండి. మన దేశంలో అమ్మే సీసా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆహారంలో అనుమతించిన కృత్రిమ రంగులు మన దగ్గర ఎనిమిదే: టార్ట్రజైన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పోన్‌సో 4ఆర్, ఎరిత్రోసిన్, బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్, ఫాస్ట్ గ్రీన్. ఈ పేర్లు ఒకసారి రాసి పెట్టుకుంటే దుకాణంలో సీసా తిప్పి చూసినప్పుడు తడబాటు ఉండదు.

ఎరుపు, గులాబీ రంగుల్లో ఈ120 అనే సంకేతం కనిపిస్తే అది కార్మైన్, అంటే ఒక రకం పురుగుల నుంచి తీసిన రంగు. మాకరాన్‌లో ఎలాగూ గుడ్డు ఉంటుంది కాబట్టి పూర్తి శాకాహారులు తినరు, కానీ గుడ్డు తిని పురుగుల రంగు వద్దనుకునేవారు మన ఇళ్లల్లో చాలామందే ఉంటారు. తెల్లరంగును చిక్కగా కప్పేలా చేసేది ఎక్కువగా టైటానియం డయాక్సైడ్. 2022 నుంచి యూరోపియన్ యూనియన్‌లో దాన్ని ఆహారంలో వాడటం నిషిద్ధం కనుక, అక్కడ ఉంటున్న మన తెలుగువారికి కాల్షియం కార్బొనేట్‌తోనో బియ్యపు పిండి పదార్థంతోనో చేసిన తెలుపు దొరుకుతుంది. అది కొంచెం పలచగా కనిపిస్తుంది, రెండు పూతలు వేయవలసి రావచ్చు. గోధుమరంగుకు మాత్రం ఏ సీసా అవసరం లేదు. తీపి కలపని కోకో పొడిని వోడ్కాతో రంగరిస్తే గీతలకు సరిపోయే చక్కటి రంగు వస్తుంది.

షెల్స్ ఎంపిక, కుంచెలు, బల్ల

బొమ్మ ఎప్పుడూ నింపని షెల్ మీదే వేయండి. గనాష్ (చాక్లెట్, క్రీము కలిపిన ముద్ద) నింపి ఫ్రిజ్‌లో పెట్టి తీసిన మాకరాన్ మీద గాలిలోని తేమ సన్నని చెమటలా పడుతుంది, దాని మీద కుంచె పెడితే రంగు పాకిపోతుంది. పైగా షెల్ విరిగితే ఒక్క షెల్లే పోతుంది, నింపిన మాకరాన్ పోదు. చల్లారిన షెల్స్‌ను పరిమాణాన్ని బట్టి జతలుగా పెట్టుకుని, ప్రతి జతలో నున్నగా, గుండ్రంగా, పగులు లేకుండా ఉన్నదాన్ని పైభాగానికి ఎంచుకోండి. అంటే 40 షెల్స్ ఉంటే రంగు వేయవలసినవి 20 మాత్రమే. వేలితో మెల్లగా తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చేవాటిని కింది భాగాలుగా మార్చండి, ఎందుకంటే లోపల ఖాళీ ఉన్న షెల్ కుంచె ఒత్తిడికి కూడా లోనికి పోతుంది. గరుకుగా ఉన్నవాటి మీద పలుచని పూత వేయవద్దు, ప్రతి బాదం పలుకు దగ్గరా రంగు గూడు కట్టి మచ్చలా కనిపిస్తుంది. వాటి మీద చిలకరింపు బాగుంటుంది.

షెల్ రంగు కూడా ముందే ఆలోచించుకోవాలి. జెల్ రంగులు కింది రంగును కప్పవు, దానితో కలిసిపోతాయి. పసుపు షెల్ మీద నీలం వేస్తే చూసేవారికి ఆకుపచ్చే కనిపిస్తుంది. మొదటిసారి వేసేవారికి తెలుపు లేదా లేత మీగడరంగు షెల్ సులువు.

కుంచెలు కొత్తవై ఉండాలి, వంటకే కేటాయించాలి. పిల్లల డ్రాయింగ్ డబ్బాలోవి ఎంత కడిగినా వాడకూడదు. సన్నగీతలకు 000 సైజు గుండ్రని కుంచె, పూతలకు సెంటీమీటరు వెడల్పు బల్లపరుపు కుంచె, చిలకరింపుకు కొత్త టూత్‌బ్రష్ చాలు. ముందురోజే గోరువెచ్చని నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. కుంచె మొదట్లో దాగిన నీటిచుక్క మూడో గీత దగ్గర దిగి బొమ్మను పాడుచేయడం నేను చాలాసార్లు చూశాను. ఆల్కహాల్ మండే స్వభావం ఉన్నది కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా, వంటగదిలో కాకుండా భోజనాల బల్ల మీద కూర్చోవడం క్షేమం. మెరుపు పొడి సీసా తెరిచేముందు ఫ్యాను ఆపండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

కలపడం

పావు టీస్పూను లస్టర్ డస్ట్‌కు డ్రాపర్‌తో ఐదారు చుక్కల వోడ్కా వేసి కుంచె మొనతో రంగరించి, చిక్కని పాలలా వచ్చేదాకా ఒక్కొక్క చుక్కే పెంచండి. జెల్ రంగయితే అగ్గిపుల్ల తల అంత తీసుకుని, అందులో పది చుక్కలు కలిపితే పలుచని పూతకు, మూడు నాలుగు కలిపితే గీతకు సరిపోతుంది. ఒకేసారి ఎక్కువ కలపకండి. పది నిమిషాల్లో ద్రవం ఎగిరిపోయి రంగు చిక్కబడుతుంది, అప్పుడు మరో చుక్క వేసుకోవాలి. హైదరాబాదు వేసవి పొడిగాలిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పని ముగిశాక గిన్నెలో మిగిలిన మెరుపు పొడిని పారేయనక్కరలేదు, ఎండిపోయాక గీరి సీసాలో దాచుకుంటే మళ్లీ పనికొస్తుంది.

ముంచిన కుంచెను ప్రతిసారీ టిష్యూ కాగితం అంచున ఒకసారి ఆనించి, అదనపు తడి తీసిన తరువాతే షెల్ మీద పెట్టండి. తమలపాకుకు సున్నం రాసేటప్పుడు వేలికొస ఎంత తేలికగా ఆకు మీద నడుస్తుందో కుంచె కూడా అంతే తేలికగా నడవాలి.

సులువైనవి ముందు

బంగారు చార అన్నింటికంటే తేలిక. బల్లపరుపు కుంచెకు బంగారు రంగు పట్టించి, చాలా వరకు తుడిచేసి, షెల్ ఒక అంచు నుంచి మరో అంచుకు ఒకేసారి లాగి వదిలేయండి. రెండోసారి దిద్దితే ఆ విసురు పోతుంది. చిలకరింపుకు టూత్‌బ్రష్‌ను రంగులో అద్ది, షెల్‌కు జానెడు దూరంలో పట్టుకుని బొటనవేలితో కుచ్చును వెనక్కి లాగి వదలాలి. మొదటి విసురులో పెద్ద చుక్కలు పడతాయి కాబట్టి దాన్ని కాగితం మీద పోనివ్వండి. ఈ పని పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు, వారికి వోడ్కా బదులు కరిగించిన కోకో బటర్ రంగు ఇవ్వండి.

వెండిరేకు, అంటే మన మిఠాయిల మీద కనిపించే వరక్, మాకరాన్‌కు కూడా అందంగా అమరుతుంది. చార్మినారు పరిసరాల్లో దాన్ని సుత్తితో కొట్టి సాగదీసే పని తరతరాలుగా సాగింది. పూర్వం జంతుచర్మపు పొరల మధ్య పెట్టి కొట్టేవారు, ఇప్పుడు ఆ తయారీలో జంతు సంబంధమైనవేవీ వాడకూడదని ఆహార భద్రతా నిబంధనలు ఉన్నాయి. షెల్ మీద కావలసిన చోట కుంచెతో వోడ్కా తడి గీత ఒక్కటి గీసి, పొడి కుంచె మొనతో చిన్న తునక తీసి దాని మీద వాల్చండి. వేళ్లతో ముట్టుకుంటే వేళ్లకే అంటుకుంటుంది.

పూత ముందు, గీత తరువాత

బొమ్మ వేసేవారు తరచుగా పొరబడేది ఇక్కడ. శ్రీకాళహస్తి కలంకారీలో ముందు నల్లగీత, తరువాతే రంగులు. అక్కడ అది కుదురుతుంది, ఎందుకంటే బట్టను ముందే కరక్కాయ, పాలలో నానబెడతారు. ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టి తీసిన ద్రవంతో గీత గీస్తే, కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి, ఉతికినా పోని నలుపై కూర్చుంటుంది. మాకరాన్ మీద వేసే రంగును పట్టి నిలిపేది ఏదీ లేదు. ఆరిన రంగు కూడా తడి తగిలిన మరుక్షణం మళ్లీ కరుగుతుంది. అందుకే ఇక్కడ క్రమం తారుమారు: ముందు లేత పూత, అది పూర్తిగా ఆరాక ముదురు పూత, అదీ ఆరాక చిట్టచివర సన్నగీత. పూతకూ పూతకూ నడుమ కనీసం 15 నిమిషాలు, వానాకాలంలోనూ విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలోనూ అందుకు రెట్టింపు సమయం ఇవ్వండి. వేలి వెనుక భాగం మెల్లగా ఆనించి చూస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉందంటే ఇంకా తడి ఆవిరవుతోందని అర్థం.

నాకు ఎక్కువ ఇష్టమైనది ముగ్గు. పిండిలోనే ఎరుపు, కాస్త కోకో కలిపి జేగురురంగు షెల్స్ చేసుకుంటే, ఎర్రమట్టి అలికిన అరుగు మీద ముగ్గు పెట్టినట్టే ఉంటుంది. నాలుగు సెంటీమీటర్ల షెల్‌లో అంచుల వంపు పోగా బొమ్మకు మిగిలేది మూడు సెంటీమీటర్లే కాబట్టి, వరుసకు మూడు చొప్పున మూడు వరుసల చుక్కలకు మించి పెట్టవద్దు. ముందు కాగితం మీద అంతే వలయం గీసుకుని నాలుగైదుసార్లు సాధన చేయండి. ఒక చిన్న గిన్నెను బోర్లించి దాని మీద మడిచిన టిష్యూ పరిచి షెల్ ఉంచితే, చేయి తిప్పకుండా గిన్నెనే తిప్పుకోవచ్చు. తెల్లపొడిని వోడ్కాతో మీగడలా కలపండి. మొదటి చుక్క నడిమధ్యన, టూత్‌పిక్ మొనతో పెట్టండి. ఆ తరువాత దానికి నాలుగు వైపులా ఏడేసి మిల్లీమీటర్ల దూరంలో నాలుగు, చివరగా మూలల్లో నాలుగు పెడితే వరుస వంకరపోదు. చుక్కలు ఆరాక 000 కుంచెతో వాటిని చుట్టే మెలిక మొదలుపెట్టండి. నేల మీద పిండి జారవిడిచినట్టు గీతంతా ఒకే ఊపులో రాదు. ఒక చుక్కను చుట్టి, దాని పక్కన ఆగి, కుంచెను మళ్లీ ముంచి, తుడిచి, ఆగిన చోటికి కొంచెం వెనక నుంచి అందుకుంటే అతుకు కనిపించదు. ఊపిరి బిగబట్టవలసిన అవసరం లేదు గానీ, చిటికెన వేలిని గిన్నె అంచుకు ఆనించి ఉంచితే చేయి వణకదు. మొదటి ముగ్గుకు నాకు పావుగంట పట్టింది, ఇప్పుడు నాలుగైదు నిమిషాల్లో పూర్తవుతుంది.

గీత పక్కకు పోతే వెంటనే తుడవకండి, తుడిస్తే మరక పెద్దదవుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, వోడ్కాలో తడిపి గట్టిగా పిండిన ఇయర్‌బడ్ మొనతో ఒక్కసారి అద్ది తీయండి. అది రెండుసార్లకు పైగా పనిచేయదు, ఆ తరువాత పొర లేచిపోతుంది. అప్పుడు ఆ చోట ఒక ఆకునో మొగ్గనో వేసి కప్పడమే దారి.

ఆరబెట్టడం, నింపడం, దాచడం

రంగు వేసిన షెల్స్‌ను మూత లేని పళ్లెంలో, ఒకదానికొకటి తగలకుండా, కనీసం రెండు గంటలు ఆరనివ్వండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఏసీ గదిలో పెట్టండి. ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాలనుకోవద్దు, లేతరంగులు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎండ తగిలే కిటికీ పక్కన కూడా వద్దు, గులాబీ, ఊదా రంగులు వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి.

ఆరాక పైషెల్‌ను అరచేతిలో కాకుండా అంచులు పట్టుకుని, నింపిన కింది షెల్ మీద కొంచెం తిప్పుతూ వాల్చండి. నడిమి మీద నొక్కితే బొమ్మ ఉన్న చోటే పగులుతుంది. రంగు వేసిన మాకరాన్లకు గట్టిగా నిలిచే చాక్లెట్ గనాష్ గానీ బటర్‌క్రీమ్ గానీ బాగుంటాయి, పండ్ల జామ్‌లోని నీరు షెల్‌లోకి ఎక్కి కింది నుంచే బొమ్మను మెత్తబరుస్తుంది. గాలి చొరని డబ్బాలో ఒక్క వరుసగానే పేర్చి, 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే లోపలి తేమ షెల్‌కు పట్టి, తినడానికి కావలసిన మెత్తదనం వస్తుంది. బయటికి తీశాక మాత్రం మూత తెరవకుండా అరగంట అలాగే బల్ల మీద ఉంచండి. చెమట డబ్బా బయట పడుతుంది, బొమ్మ మీద పడదు. వడ్డించే పళ్లెం పక్కన బాదం, గుడ్డు, ఆల్కహాల్ ఉన్నాయని ఒక చిన్న చీటీ రాసి పెట్టి, మూత తీయండి.